నలభై దాటని వ్యాను

జూన్ 4

చిన్నోడికి,

అక్క రాస్తున్నాను. మేమిద్దరం బాగున్నాం. నువ్వు ఆ కొండ మీద చలికి ముడుచుకుపోకుండా ఉన్నావనుకుంటాను. ఫోను పలకని చోట ఉద్యోగం వెతుక్కున్న మనిషివి లోకంలో నువ్వొక్కడివే. వారానికోసారి మీ దగ్గరికొచ్చే జీపుని నమ్ముకుని ఉత్తరాలు రాయాల్సి వస్తోంది. గాలి ఎటు వీచిందో, వాన ఎంత పడిందో కొలవడానికి కొండెక్కి కూచోవాలా? కింద మా మీదా పడుతోంది వాన. అడిగితే మేం చెప్పమా?

సరే, అసలు సంగతి. నాకు మళ్ళీ చలానా వచ్చింది. ఈ ఏడాదిలో ఇది మూడోది. బ్రిడ్జి దిగగానే స్కూలుకి తిరిగే మలుపుంది చూడు, అక్కడ కెమెరా పెట్టారు. మూడూ దాని చలవే. అక్కడ నలభై దాటకూడదు. నేను యాభై ఎనిమిదిలో పోయానట. ఫోటో కూడా పంపారు. నా పసుపు వ్యాను, వెనక అద్దంలోంచి నాలుక చాపి వెక్కిరిస్తున్న ఒకటో తరగతి పిల్ల. ఆ పిల్ల కెమెరాని వెక్కిరిస్తోందో నన్ను వెక్కిరిస్తోందో తెలియడం లేదు.

నేను యాభై ఎనిమిదా! స్కూలు వ్యాను పట్టి ఇరవై ఏళ్ళు దాటింది. సైకిళ్ళవాళ్ళు బెల్లు కొట్టి మరీ నన్ను దాటిపోతారు. "నీ వ్యానెక్కిన పిల్లలు బడికి చేరేసరికి పై తరగతికొచ్చేస్తారు" అంటాడు మీ బావ. కుట్టుమిషను తొక్కుతూ ఇలాంటివి అల్లడమే ఆయన పని.

మూడోది కూడా ఖాయమైతే లైసెన్సు ఆపేస్తారు. లైసెన్సు ఆగిన డ్రైవరుని ఏ స్కూలు గడప తొక్కనిస్తుంది? నువ్వు ఇదివరకు ఆ కెమెరాలు పరీక్ష చేసే కంపెనీలోనే కదా ఉన్నావు. అవి తప్పు చెబుతాయన్నదీ నువ్వే, ఆ గొడవ మీదే ఉద్యోగం వదులుకుని కొండెక్కిందీ నువ్వే. ఏం చేయాలో చెప్పు.

నీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
అక్క


జూన్ 13

అక్కకి,

నీ ఉత్తరం చదివి బాధపడాల్సింది పోయి సంతోషపడ్డాను. తప్పుగా అనుకోకు. ఇన్నాళ్ళూ ఈ మాట ఎవరికి చెప్పినా "యంత్రం అబద్ధమాడుతుందా?" అని నవ్వేవాళ్ళు. యంత్రం అబద్ధమాడదు. పరీక్ష చేయకుండానే చేశామని రాసే మనుషులు ఆడతారు. నన్ను అలాంటి కాగితం మీద సంతకం పెట్టమన్నారు, పెట్టనన్నాను. అందుకే ఇవాళ ఇక్కడ వాననీళ్ళ డబ్బాకి కాపలా కాస్తున్నాను.

నువ్వు భయపడకు. ముందు రవాణా ఆఫీసులో అభ్యంతరం రాసివ్వు. ఆ కెమెరాని ఆఖరుసారి ఎప్పుడు పరీక్షించారో ఆ పత్రం చూపించమని అడుగు. ఎన్నిసార్లు తిప్పినా సరే, నోటిమాటతో వెనక్కి రాకు. ఇంకోటి, ఆ స్తంభాన్ని దగ్గరికెళ్ళి చూడు. నిటారుగా ఉందా? ఎవరైనా గుద్దారా? కెమెరా రోడ్డుని ఏ కోణంలో చూడాలో ముందే లెక్క కడతారు. స్తంభం పక్కకి తిరిగిందంటే ఆ లెక్క తప్పుతుంది, వేగం తప్పుతుంది. చుట్టుపక్కల వాళ్ళని అడిగి రాయి.

ఇక్కడ నాలుగు రోజులుగా మబ్బు. కిటికీ తీస్తే గదిలోకే వచ్చి కూచుంటోంది. వంటవాడు ఊరెళ్ళాడు, నా వంట నేనే తిని నన్ను నేనే తిట్టుకుంటున్నాను. బావకి నమస్కారం చెప్పు.

నీ తమ్ముడు


జూలై 2

చిన్నోడా,

నీ నోట్లో చక్కెర పోయ! మా స్కూలు వాచ్‌మన్ని అడిగితే గుట్టంతా విప్పాడు. చలికాలం చివర్లో ఇటుకల లారీ ఒకటి వెనక్కి వస్తూ ఆ స్తంభాన్ని గుద్దిందట. తాడు కట్టి లాగి నిలబెట్టి, కాళ్ళ దగ్గర ఇంత సిమెంటు పూసి పోయారట. "అప్పట్నుంచీ అది తాగినోడిలా పక్కకి ఒరిగే చూస్తోందమ్మా" అన్నాడు. నేనూ వెళ్ళి చూశాను. ఒరిగే ఉంది. నాకు మొదటి చలానా వచ్చింది ఆ తర్వాతే!

ఆఫీసుకి ఇప్పటికి ఎన్నిసార్లు తిరిగానో. కిటికీ వెనక గుమాస్తా తలెత్తకుండానే, "కెమెరా మీద అనుమానమా? నేనంత వేగంగా పోలేదనే అందరూ అంటారమ్మా" అన్నాడు.

"అందరూ అంటారు. నేను చెబుతున్నాను" అన్నాను.

అప్పుడు తలెత్తాడు. పత్రం ఫైల్లో లేదనీ, వెతికిస్తాననీ అన్నాడు. లేదని కాగితం మీద రాసిమ్మన్నాను. నువ్వు చెప్పినట్టే నోటిమాటతో రాలేదు. చివరికి విసుక్కుంటూ రాసిచ్చాడు. కోర్టు తేదీ కూడా వచ్చింది.

ఆ రోజు ఎంత కోపంగా ఇల్లు చేరానంటే, గుమ్మంలో మీ బావ నా కాళ్ళవైపు చూసి, "రెండో చెప్పు గుమాస్తాకి ఇచ్చి వచ్చావా?" అన్నాడు. చూసుకుంటే కుడి కాలికి చెప్పు లేదు! ఎక్కడ జారిపోయిందో తెలియనే లేదు. వెనక్కెళ్తే ఆఫీసు మెట్ల మీద ఉంది పాపం, ఒంటరిగా. అక్కడ్నుంచి ఇంటిదాకా కంకర రోడ్డే, అయినా తెలియలేదు చూడు. కోపం మనిషిని అంత చేస్తుంది.

ఒక్క మాట. స్తంభం వంపు అడిగావు, ఎవరైనా గుద్దారా అని అడిగావు, సిమెంటు ఎంత పూశారో కూడా అడిగేలా ఉన్నావు. "అక్కా, నువ్వు నిజంగా ఎంతలో పోయావు?" అని మాత్రం అడగలేదు. అది నాకెంత బాగుందో. వాచ్‌మన్ అడిగాడు, ప్రిన్సిపాల్ మేడం అడిగింది, కట్టుకున్నవాడూ అడిగాడు. నువ్వు అడగలేదు. నమ్మకం అంటే అదేరా.

అక్క


జూలై 11

అక్కకి,

గుమాస్తా రాసిచ్చిన కాగితం బంగారం. జాగ్రత్తగా దాచు.

కోర్టులో ఒక్కటి గుర్తుపెట్టుకో. నేను నలభై దాటలేదు, నేను అలాంటి డ్రైవరుని కాను అని వాదన పెట్టుకోకు. దానికి నీ దగ్గర రుజువు లేదు, వాళ్ళ దగ్గర ఫోటో ఉంది. "స్తంభం పడి లేచాక ఈ కెమెరాని ఎవరు పరీక్షించారు?" ఇంతే అడుగు. ఎటు తిప్పి అడిగినా మళ్ళీ అక్కడికే రా. నీ సంగతి అక్కర్లేదు, కెమెరా సంగతి చాలు.

స్తంభం ఒరిగితే కోణం ఎలా మారుతుందో బొమ్మ గీసి పెట్టాను. జడ్జిగారు అడిగితే చూపించు.

ఒక్కసారి మనం గెలిస్తే ఆ కంపెనీవాళ్ళ మొహాలు చూడాలని ఉంది.

తమ్ముడు


ఆగస్టు 5

చిన్నోడా, గెలిచాంరా!

వకీలు లేకుండా నిలబడితే జడ్జిగారు కళ్ళజోడు పైకి తోసి, "మీ తరఫున ఎవరూ లేరామ్మా?" అన్నారు. "తమ్ముడున్నాడండీ, కొండ మీద" అన్నాను. కోర్టంతా నవ్వింది. భయంలో అలా వచ్చేసింది నోట్లోంచి.

తర్వాత నువ్వు చెప్పిన ప్రశ్న అడిగాను. రవాణా ఆఫీసరు ఫైలు అటూ ఇటూ తిప్పాడు.

"స్తంభం తిరిగి నిలబెట్టాక పరీక్ష చేశారా?" అన్నారు జడ్జిగారు.

"చేసే ఉంటారండీ."

"చేశారా, చేసే ఉంటారా?"

"కాగితం కనబడటం లేదండీ."

అంతే. నీ బొమ్మ తీసే పని కూడా పడలేదు. మూడు చలానాలూ కొట్టేశారు. ఆ కెమెరాని వెంటనే పరీక్ష చేయించి కోర్టుకి చెప్పమన్నారు. బయటికొచ్చి మెట్ల మీద కూచుని ఏడ్చాను. ఎందుకో అడగకు. మర్నాడు ప్రిన్సిపాల్ మేడం పిల్లలందరి ముందూ నిలబెట్టి, తప్పు చేయనివాళ్ళు ఎవరికీ భయపడక్కర్లేదని చెప్పింది. చప్పట్లు కొట్టించింది. ఆ నాలుక చాపిన పిల్ల అందరికంటే గట్టిగా కొట్టింది.

ఒక నవ్వుల సంగతి చెబుతాను. నిన్న సాయంత్రం ఇల్లు సర్దుతూ అటూ ఇటూ తిరుగుతున్నాను. మీ బావ మిషను ఆపి, "ఆగు, నేల మీద ఆ ఎర్రచుక్కలేమిటి?" అన్నాడు. చూస్తే నా కుడి బొటనవేలు అడుగున ఆయన గుండుసూది, తల దాకా దిగి ఉంది. పొద్దున గుడ్డలు తీసేటప్పుడు గుచ్చుకుని ఉంటుంది. దాంతోనే వ్యాను నడిపాను, బజారుకెళ్ళాను! పట్టకారుతో లాగాడు. చీమ కుట్టినట్టయినా లేదు. "నీ కాలికి చెప్పులెందుకు దండగ" అన్నాడు.

నీకు ఏం పంపను? ఒక స్వెట్టరు కుట్టిస్తానంటే బావ, స్వెట్టరు కుట్టరు, అల్లుతారు అని పాఠం చెబుతున్నాడు.

గెలిచిన అక్క


ఆగస్టు 22

అక్కకి,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించాను.

కంపెనీలో నాతో పనిచేసిన స్నేహితుడొకడు ఇంకా అక్కడే ఉన్నాడు. జడ్జిగారు చెప్పిన పరీక్ష చేసింది వాడే. నాకు రాశాడు. రకరకాల వేగాల్లో కారు నడిపించి చూశారట. స్తంభం ఒరిగిన మాట నిజమే కానీ కెమెరా రోడ్డుని చూసే కోణం మారలేదట. అది చెప్పేది సరిగ్గానే ఉంది అక్కా. వాడు సంతకాలమ్ముకునే మనిషి కాదు. నాకు తెలుసు.

రెండు రోజులు ఆ కాగితాన్ని నమ్మలేదు. తర్వాత నీ ఉత్తరాలు వరసగా పెట్టుకుని చదివాను. చెప్పు జారిపోతే కంకర మీద నడిచినా తెలియలేదు. గుండుసూది దిగితే పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెలియలేదు. నీకు షుగరొచ్చి పదేళ్ళు. నువ్వు నవ్వుతూ రాశావు, నేనూ నవ్వుతూ చదివాను. ఇప్పుడు చదివితే నవ్వు రాలేదు. షుగరు పాదాల స్పర్శ పోగొడుతుంది.

నువ్వు అబద్ధం చెప్పావని అనడం లేదు. నీ కాలు నీకు చెప్పడం లేదు అంటున్నాను. బ్రిడ్జి దిగుడులో యాక్సిలరేటరు మీద ఎంత బరువేస్తున్నావో నీకు తెలియడం లేదు. అదే కాలు బ్రేకు మీద కూడా వేయాలి కదా.

వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళు. అప్పటిదాకా వ్యాను తీయకు. నీ వెనక పిల్లలున్నారు.

తమ్ముడు


ఆగస్టు 28

తమ్ముడికి,

ఎంత తెలివైనవాడివి! కొండ మీద కూచుని కింద నా పాదంలో ఏముందో చూసేశావు. ఆ కెమెరాకంటే నువ్వే గొప్ప.

పాత కంపెనీవాళ్ళు మళ్ళీ పిలిచారా? అక్క కేసు వల్ల పోయిన పరువు అక్క కాలి మీద పెట్టి రాబట్టుకోమన్నారా? మొన్నటిదాకా ఆ కెమెరా చెప్పేదంతా అబద్ధమన్నావు. ఇవాళ ఎవడో కాగితం రాస్తే కెమెరా దేవుడైపోయింది, అక్క కుంటిదైపోయింది.

నన్ను అడగలేదని మురిసిపోయాను చూడు, నా బుద్ధికి చెప్పుతో కొట్టుకోవాలి. నమ్మి అడగలేదనుకున్నాను. నీకు నా జవాబుతో పనే లేదు, అందుకే అడగలేదు. నీ సంగతి అక్కర్లేదు కెమెరా సంగతి చాలన్నావు. అప్పుడే అర్థం కావాల్సింది.

నా వెనక పిల్లలున్నారని నాకు గుర్తుచేస్తావా? ఎవరికి ఏ కిటికీ ఇష్టమో, ఎవరికి మలుపులో కడుపు తిప్పుతుందో నాకు తెలుసు. ఆ మలుపులో కళ్ళు రోడ్డు మీద పెట్టాలా, స్పీడు ముల్లు మీద పెట్టాలా? నువ్వొచ్చి నడుపు చూద్దాం.

నాకు ఏమీ లేదు. మాత్రలు వేసుకుంటున్నాను. వ్యాను తీస్తున్నాను, తీస్తాను. నాకింక రాయకు.


సెప్టెంబరు 9

చిన్నోడా,

రాయకన్నదాన్ని నేనే రాస్తున్నాను. నవ్వుకో.

నీ ఉత్తరం మీ బావ చదివాడు. నేను దాచాననుకున్నాను, కత్తిరించే గుడ్డల కింద దొరికిందట. ఆదివారం స్కూలు ఆవరణలో ఎవరూ ఉండరు, అక్కడికి రమ్మన్నాడు. ఇంజను ఆపి ఉన్న వ్యాన్లో నన్ను నా సీట్లోనే కూచోబెట్టాడు. తను కిందికి వంగి నా కాళ్ళ దగ్గర కూచున్నాడు. కళ్ళు మూసుకోమన్నాడు.

"ఇప్పుడు ముట్టుకుంటున్నానా?"

"లేదు."

"ఇప్పుడు?"

"లేదు. ఆటలాపి మొదలుపెట్టు."

కళ్ళు తెరిచి చూస్తే నా కుడి పాదాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉన్నాడు. వేళ్ళు తెల్లబడేలా పట్టుకున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన కళ్ళల్లో నీళ్ళు చూడటం అదే మొదలు.

నువ్వు చెప్పింది నిజమే. నీ ఉత్తరం వచ్చాక కూడా రెండు వారాలు నడిపాను. అది తల్చుకుంటే అన్నం సహించడం లేదు. ఏమీ కాలేదు. కాకపోవడం నా గొప్ప కాదు.

సోమవారం పొద్దున్నే వెళ్ళి ప్రిన్సిపాల్ మేడం చేతిలో తాళాలు పెట్టాను. అంతా చెప్పాను. ఆవిడ చాలాసేపు నా చేయి వదల్లేదు. "నిజం చెప్పి తాళాలిచ్చినవాళ్ళని నేను పంపించను. పిల్లల్ని వ్యాను ఎక్కించి, దించి, ఇళ్ళకి అప్పగించడానికి మనిషి కావాలి. ఆ పని మీదే" అంది. అంటే నా పిల్లలు నా దగ్గరే ఉంటారు. వచ్చే వారం నుంచి మొదలు. ఈలోపు డాక్టరుకి చూపించుకుంటాను. గుండుసూది దిగిన చోటు మానలేదు, బొటనవేలు రంగు మారింది.

నిన్ను నానా మాటలూ అన్నాను. మనసులో పెట్టుకోకు.

నీ అక్క


సెప్టెంబరు 12

అక్కకి,

రెండు జీపులు చూశాను. నీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. రాయకన్నావు గనుక రాయవనే అనుకుంటున్నాను.

నేను చేసిన పని నా నోటితోనే తెలియాలి నీకు. ఇవాళ్టి జీపులోనే మీ ప్రిన్సిపాల్ మేడానికి కూడా ఉత్తరం పంపుతున్నాను. నీ కుడి కాలికి స్పర్శ లేదని, ఆ సంగతి ఆగస్టులోనే నీకు చెప్పానని, అయినా నువ్వు ఒప్పుకోకుండా వ్యాను తీస్తున్నావని రాశాను. కెమెరా సరైనదేనని, ఆ చలానాలు నా సలహాతో కాగితం లేదన్న సందు మీద పోయాయని కూడా రాశాను.

నువ్వు నన్ను క్షమించవు. తెలుసు. పొద్దున ఎనిమిదైతే చాలు, ఆ దిగుడులో నీ వ్యానే కళ్ళ ముందు కనబడుతోంది. ఇక్కడ కూచుని అది చూస్తూ ఉండలేను.

తమ్ముడు


సెప్టెంబరు 19

అక్కా,

నీ తొమ్మిదో తేదీ ఉత్తరం ఇప్పుడే చేతికొచ్చింది. జీపు డ్రైవరు కిందికి దిగడానికి హారను కొడుతున్నాడు. మేడానికి నేను రాసింది పట్టించుకోవద్దని ఇంకో ఉత్తరం రాసి ఇస్తున్నాను. అది చేరేలోపు ఆవిడ అడిగితే నాదే తొందరపాటని చెప్పు. తాళాలిచ్చేశావని నాకు తెలియదు. తెలియదక్కా. ఒక్క వారం ఆగి ఉంటే


అక్టోబరు 3

చిన్నోడికి,

ముందు కాలి సంగతి. కుడి బొటనవేలు తీసేశారు. చీము లోపలికి దిగిందట. ఇంకో నెల ఆలస్యమైతే చీలమండ దాకా తీయాల్సి వచ్చేదన్నాడు డాక్టరు. "ఎవరు చెప్పారమ్మా మీకు, రమ్మని?" అని అడిగాడు. తమ్ముడన్నాను. అది నీకు తెలియాలి, అందుకే రాస్తున్నాను.

ఇక రెండోది. పన్నెండో తేదీ నీ ఉత్తరం నా చేతికి రాకముందే, పదహారో తేదీన ప్రిన్సిపాల్ మేడం కబురు పెడితే, ఎక్కించి దించే పని మొదలుపెట్టమనడానికేమో అనుకుని ఉతికిన చీర కట్టుకుని వెళ్ళాను. బల్ల మీద నీ ఉత్తరం. పక్కన కమిటీ పెద్దలిద్దరు, పిల్లల తల్లులు ముగ్గురు.

"ఇది మీ తమ్ముడి రాతేనా?"

"అవునండీ."

"ఆగస్టులోనే ఆయన చెప్పిన మాట నిజమేనా?"

"నిజమేనండీ."

"ఆ తర్వాత కూడా మా పిల్లల్ని ఎక్కించుకున్నారా?"

ఎక్కించుకున్నాను. తాళాలు నేనే వచ్చి ఇచ్చానన్నాను. "ఇచ్చారు. ఈయన రాస్తాడని తెలిసి ఇచ్చారేమో" అంది ఒకావిడ. ఆ నాలుక చాపిన పిల్ల తల్లి. ఆ పిల్లకి జ్వరమొస్తే భుజాన వేసుకుని ఇల్లు చేర్చాను ఒకప్పుడు. ప్రిన్సిపాల్ మేడం తల దించుకుని కూచుంది. నాకోసం ఒకటి రెండు మాటలు అని చూసింది, కమిటీ వాళ్ళు కాదన్నారు. ఎక్కించి దించే పని కూడా లేదు. ఇంక గేటు లోపలికి రావద్దన్నారు. వాచ్‌మన్ గేటు దాకా వచ్చి, నేను దాటగానే వేసుకున్నాడు.

నువ్వు రాసినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. అందుకే నిన్ను తిట్టడానికి కూడా నాకు చోటు లేదు. నేను ఆ రెండు వారాలు నడపకుండా ఉండాల్సింది, నువ్వు ఇంకో జీపు దాకా ఆగాల్సింది. కానీ ఆగితే ఏమై ఉండేదో అని నువ్వు భయపడటమూ న్యాయమే. రోజంతా మంచం మీద పడుకుని అటు తిప్పీ ఇటు తిప్పీ ఇదే ఆలోచిస్తున్నాను. నా కాలు నిలబెట్టిందీ నువ్వే, కాలి కింద నేల తీసిందీ నువ్వే. ఏది ముందు చూసుకోవాలో తెలియడం లేదు.

పందొమ్మిదో తేదీ వేసిన నీ ఉత్తరం ఇంకా విప్పలేదు. బావ చదివి వినిపిస్తానన్నాడు, వద్దన్నాను. నీ చేతిరాత చూస్తే ఆ బల్ల మీది కాగితమే కనబడుతోంది. కొన్నాళ్ళు నాకేమీ రాయకు. ఇది కోపం కాదు. కోపమైతే బాగుండేది, అది నాకు ఎక్కువ రోజులు నిలవదు.

నీ గొంతు వినాలని మాత్రం ఉంది. సెలవు దొరికితే రా. వస్తున్నానని ముందు చెప్పకు. చెబితే వద్దంటానేమో.

అక్క